నీళ్ళు పోస్తే వేగం పెరుగుతుందా?

నీళ్ళతో చల్లబడే గ్రాఫిక్స్ కార్డే కావాలని మా తమ్ముడి పట్టు. ఫ్యాను కార్డు కంటే అది చాలా వేగమట. అమ్మ చీటీ పాడిన డబ్బంతా దానికే పోతుందని నా గొడవ.

నీళ్ళు వేగాన్ని పుట్టించవు. చిప్పు మరీ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆ తగ్గుదల రాకుండా నీళ్ళు కాస్తాయి, అంతే. మంచి ఫ్యాన్లున్న కార్డూ చాలావరకు ఆ పని చేస్తుంది. 2015లో ఏఎండీ వాళ్ళ ఫ్యూరీ ఎక్స్ నీళ్ళ గొట్టాలతోనే వచ్చింది, మెమరీ మాత్రం 4 జీబీ. ఫ్యానుతో నడిచే ఎన్విడియా 980 టీఐకి 6 జీబీ. అప్పట్లో రెండూ 649 డాలర్లే. అంత చల్లగా నడిచీ ఫ్యూరీ దాన్ని దాటిపోలేదు. పైగా మొదట్లో పంపు కీచుమంటోందని ఫిర్యాదులొకటి!

ఇంకో మాట. కార్డు 275 వాట్ల కరెంటు తింటే అంత వేడీ చివరికి గదిలోకే వస్తుంది. మే నెల చెన్నైలో ఆ గది ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఫ్యాను రొద తగ్గుతుందంటే మాత్రం ఒప్పుకుంటాను. రాత్రిళ్ళు పక్కనే కూర్చుని చదివేది నేనే కదా. అయినా అదే డబ్బుకి ఎక్కువ మెమరీ ఉన్న ఫ్యాను కార్డు కొనుక్కోమన్నాను. రెండు రోజులుగా వాడు నాతో మాట్లాడటంలేదు.