నిదానంగా కాగే నేల

జర్మనీలో ఈమధ్య కడుతున్న అపార్ట్‌మెంట్లలో గోడకు తగిలించే రేడియేటర్లు తగ్గిపోతున్నాయి. వాటి బదులు గచ్చు కింద ప్లాస్టిక్ గొట్టాలు చుట్టలు చుట్టలుగా పరిచి, వాటిలో గోరువెచ్చని నీళ్లు తిప్పుతున్నారు. ఆలోచన పాతదే. 2వ శతాబ్దంలో రోమన్లు అక్కడి ట్రియర్ నగరంలో కట్టిన స్నానశాలల్లో నేల కింద వేడిగాలి తిరిగేది. కొరియన్ల ఒండోల్ పద్ధతి కూడా ఆ కోవలోదే.

రేడియేటరుకు సాధారణంగా 55 నుంచి 70 డిగ్రీల నీళ్లు కావాలి. నేలకు 30 నుంచి 40 డిగ్రీలు చాలు, వేడినిచ్చే వైశాల్యం దాదాపు గదంత ఉంటుంది కాబట్టి. మనుషులు తిరిగే చోట నేల 29 డిగ్రీలు దాటకూడదని యూరప్ ప్రమాణం. గది 20 డిగ్రీల దగ్గర ఉంటే అంత వెచ్చటి నేల చదరపు మీటరుకు సుమారు 100 వాట్ల వేడి ఇస్తుంది. ఇన్సులేషన్ బాగున్న కొత్త ఫ్లాట్‌కు అందులో సగం కూడా అక్కర్లేదు. నేల 23, 24 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అది పాదానికి వెచ్చగా తగలదు. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో కొత్తగా వెళ్లినవాళ్లు హీటింగ్ పాడైందని ఫిర్యాదు చేసేది చాలాసార్లు ఇక్కడే. నేలను తాకి చూడడం కంటే గదిలో థర్మామీటరు పెట్టి చూడడం మేలు.

పొదుపు కిటుకంతా గొట్టాల మీద పోసిన సిమెంటు పొరలో ఉంది. ఆరున్నర సెంటీమీటర్ల మందాన పోస్తే, 70 చదరపు మీటర్ల ఫ్లాట్‌లో ఆ పొర బరువు 9 టన్నులు. దాన్ని 3 డిగ్రీలు వేడెక్కించాలంటేనే 7 యూనిట్లకు పైగా శక్తి పడుతుంది. మే నెలలో ఎండకు కాగిన డాబా అర్ధరాత్రి దాకా సెగ కక్కినట్టే, ఈ నేల కూడా ఒకసారి వేడెక్కితే గంటల తరబడి చల్లారదు. చల్లారితే మళ్లీ వేడెక్కడానికీ గంటలే పడుతుంది. దీన్ని ఏసీలా వాడితే, అంటే ఆఫీసుకు వెళ్తూ ఆపి, వచ్చాక పూర్తిగా తిప్పితే, సాయంత్రమంతా చలి, పడుకునే వేళకు ఉక్క. థర్మోస్టాట్‌ను 26కు తిప్పితే గది తొందరగా వెచ్చబడుతుందనుకోవడం భ్రమే. లోపలి వాల్వు తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది, అంతకుమించి దానికి మరో వేగం లేదు. అది తెరుచుకోవడానికే కొన్ని నిమిషాలు తీసుకుంటుంది.

కాబట్టి 20 లేదా 21 డిగ్రీల దగ్గర పెట్టి వదిలేయాలి. మార్చాలనుకుంటే అర డిగ్రీ మార్చి, ఒక రోజు ఆగి చూడాలి. గది ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే హీటింగ్ ఖర్చు సుమారు 6 శాతం తగ్గుతుందని లెక్క. నేల నుంచి వేడి నేరుగా ఒంటికి సోకుతుంది గనుక ఆ డిగ్రీ లోటు పెద్దగా తెలియదు కూడా. రాత్రిపూట తగ్గించడం వల్ల ఒరిగేది కొంచెమే. ఇన్సులేషన్ బాగున్న ఇంట్లో తెల్లవారేసరికి గది ఒకటి రెండు డిగ్రీలు కూడా పడదు. వారం రోజులు ఊరెళ్తే మాత్రం 16, 17కు దించవచ్చు, వచ్చే ముందు రోజే పెంచేలా చూసుకుంటే చాలు. పూర్తిగా ఆపేస్తే గోడలకు చెమ్మ పట్టి బూజు రావచ్చు.

పూర్తిగా ఆపినవాళ్ల ఫ్లాట్ పక్కింటి వేడిని లాక్కుంటుంది. ఈ సంగతి జర్మన్ చట్టానికీ తెలుసు. 1981లో వచ్చిన హీటింగ్ ఖర్చుల నిబంధన ప్రకారం బిల్లులో 50 నుంచి 70 శాతమే మీటరు రీడింగును బట్టి పంచుతారు. మిగతాది సాధారణంగా ఫ్లాట్ వైశాల్యాన్ని బట్టి అందరూ కట్టాల్సిందే.

నేల మీద ఏం పరిచారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. టైల్స్, రాయి అన్నిటికంటే మేలు. అతికించిన చెక్క ఫరవాలేదు, మందపాటి తివాచీ వేడిని కిందే ఆపేస్తుంది. మంచాలకూ బీరువాలకూ కాళ్లుంటే వాటి కింద గాలి ఆడుతుంది. విద్యార్థుల గదుల్లో ఫోమ్ పరుపును నేల మీదే వేసుకోవడం మామూలు. దాని కింద నేల వేడి పైకి రాక గది చల్లగానే ఉంటుంది. నీళ్ల గొట్టాలు కాకుండా కరెంటు మ్యాట్లున్న నేల మీద పరుపు వేయడమైతే ప్రమాదకరం, అక్కడ వేడి పేరుకుపోతుంది. ఆ మ్యాట్లు బాత్రూములో గంటో రెండు గంటలో టైమరు పెట్టి వాడుకోవడానికి సరిపోతాయి. ఇల్లంతా వాటితోనే నడిపితే బిల్లు వాచిపోతుంది.

గాలి కోసం కిటికీ సందు తీసి రోజంతా వదలకూడదు. అయిదు పది నిమిషాలు బార్లా తెరిచి మూసేయాలి. ఇడ్లీ ఆవిరి, స్నానాల తడి పోవడానికి అది చాలు. అంతసేపటికి థర్మోస్టాట్‌ను ముట్టుకోనక్కర్లేదు, నేల వేడి ఎక్కడికీ పోదు.

హాల్లో గోడలోకి అమర్చిన రేకు పెట్టెలో ఒక్కో గదికి వెళ్లే గొట్టాలూ, నిమిషానికి ఎన్ని లీటర్లు పారుతున్నాయో చూపే చిన్న గాజు సూచికలూ ఉంటాయి. పొడవైన చుట్టకు ఎక్కువ, పొట్టి చుట్టకు తక్కువ పారేలా వాటిని ఒకసారి సరిచేస్తారు. ఒక గది వెచ్చబడలేదని అద్దెదారు దాని సూచికను తిప్పితే మరో గదికి నీళ్లు తగ్గుతాయి. నిర్వహణ సంస్థకు చెప్పి సరిచేయించుకోవడమే పద్ధతి. నీటి వేడిని నిర్ణయించేదీ ఆ సంస్థే. హీట్ పంపు ఉన్న భవనంలో ఆ నీళ్లు ఒక డిగ్రీ తగ్గిస్తే కరెంటు 2 శాతం పైగా మిగులుతుంది. ఫ్లాట్ లోపల ఎంత జాగ్రత్తపడ్డా కింద బాయిలరు గదిలో నీళ్లు 50 డిగ్రీల దగ్గర తిరుగుతుంటే ఆదాలో పెద్ద వాటా అక్కడే పోతుంది. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేవాళ్లు నేల కింద ఉన్నది నీళ్ల గొట్టాలా కరెంటు మ్యాట్లా, నీళ్లైతే ఎన్ని డిగ్రీల దగ్గర తిప్పుతున్నారు అన్న రెండు ప్రశ్నలూ ముందే అడిగి తెలుసుకోవాలి.