కన్నీరు చాలదు, లెక్క కావాలి

అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన ‘రూట్స్’, సహవాసి చేతిమీదుగా ‘ఏడు తరాలు’గా తెలుగులోకి వచ్చింది. ఆ పుస్తకం ప్రసక్తి వచ్చినప్పుడల్లా మన విద్యార్థులు, ఉపాధ్యాయులు చెప్పే మొదటి మాట ఒకటే: “చదివి యేడ్చానండీ!” యేడ్చినందుకు యెవరినీ తప్పు పట్టను. పారిపోయిన కుంటా కింటే పాదాన్ని నరికే ఘట్టం చదివి గుండె కలుక్కుమననివాడు సాహిత్యం జోలికి రాకపోవడమే మేలు. కాని కళ్ళు తుడుచుకున్న తర్వాత పాఠకుడు యేమి చేస్తాడన్నదే నా ప్రశ్న. “పాపం, ఆ రోజుల్లో యెంత అన్యాయం!” అని నిట్టూర్చి నిద్రపోతే, ఆ కన్నీరు బానిసకోసం కార్చింది కాదు, తన మంచితనాన్ని తాను మెచ్చుకుంటూ కార్చింది.

కన్నీటికి శక్తి లేదని కాదు. 1852లో హేరియట్ బీచర్ స్టో ‘అంకుల్ టామ్స్ కేబిన్’ పుస్తకంగా వస్తే అమెరికాలో మొదటి యేడాదే మూడు లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. బానిస యజమానుల పక్షం వహించిన రచయితలు కంగారుపడి, దయామయులైన దొరలనూ తృప్తిగా బతికే బానిసలనూ చిత్రిస్తూ పోటీ నవలలు గుప్పించారు. నవల ఆయుధమని విమర్శకులకన్న ముందు శత్రువే గుర్తించాడు. అయితే 1853లోనే నల్లజాతి రచయిత మార్టిన్ డిలేనీ స్టోను నిలదీశాడు. మమ్మల్ని అడగకుండా మా తరఫున మాట్లాడడమేమిటన్నది ఆయన వాదం. తర్వాత ఆయన రాసిన ‘బ్లేక్’ నవలలో నాయకుడు ఓర్చుకుని చావడు. తోటతోటకూ తిరిగి తిరుగుబాటుకు జనాన్ని కూడగడతాడు. 1859లో పత్రికలో మొదలైన ఆ నవల పుస్తకరూపం ధరించడానికి 1970 దాకా ఆగవలసివచ్చింది. దెబ్బలు తినే బానిసకు లక్షలాది పాఠకులు. తిరగబడే బానిసకు నూరేళ్ళు దాటిన నిరీక్షణ! ఇది వట్టి అభిరుచి సంగతేనా?

రెండో రకం పాఠకులున్నారు. “ఆ ‘రూట్స్’లో అబద్ధాలున్నాయట” అని పెదవి విరుస్తారు. నిజమే. హెరాల్డ్ కూర్లాండర్ నవల ‘ది ఆఫ్రికన్’లోని కొన్ని భాగాలు తన పుస్తకంలో చేరాయని హేలీ 1978లో ఒప్పుకుని, సొమ్ము చెల్లించి దావా పరిష్కరించుకున్నాడు. ఆయన చెప్పిన వంశవృక్షాన్నీ పరిశోధకులు ప్రశ్నించారు. దీన్ని కప్పిపుచ్చడం అభ్యుదయం కాదు. ఒక రచయిత శ్రమను మరొకరు చెప్పకుండా వాడుకోవడం తప్పే. కాని ఒక కుటుంబ కథలో అతుకు కనబడిందని బానిస ఓడనే కట్టుకథ అనడం ప్లీడరు తెలివి. సుమారు 1 కోటి 25 లక్షలమందిని ఆఫ్రికా తీరాన ఓడలెక్కించారనీ, దాదాపు 18 లక్షలమంది సముద్రంమీదనే చనిపోయారనీ చరిత్రకారుల అంచనా. ఆ అంచనా యే నవలనుంచీ పుట్టలేదు. ఓడల రికార్డులనుంచి పుట్టింది.

మూడో రకం అన్నిటికన్న ప్రమాదకరమైనది: “చివరికి తెల్లదొరలే దయతలచి విడుదల చేశారు గదా!” 1831 క్రిస్మస్ రోజుల్లో జమైకాలో సామ్ షార్ప్ నాయకత్వాన వేలాది బానిసలు తిరగబడ్డారు. మరుసటి యేడు అతన్ని వురితీశారు. ఆ మరుసటి యేడు, 1833లో, బ్రిటిషు పార్లమెంటు బానిసత్వ రద్దు చట్టం చేసింది. దాంతోబాటు 2 కోట్ల పౌన్ల నష్టపరిహారం మంజూరయింది. యెవరికి? యజమానులకు! బానిసకు చిల్లిగవ్వ లేదు. పైగా ‘అప్రెంటిస్’ అనే ముసుగు కింద 1838 దాకా ఆ దొరకే చాకిరీ. దయ అంటే ఇదేనా? అక్కడితో కథ ముగియలేదు. మారిషస్ చెరకు తోటలకు మన దేశపు కూలీలను ఒప్పందాలమీద తరలించారు. కోరంగి రేవునుంచి ఓడలెక్కిన తెలుగువారికి అక్కడ ‘కోరంగీ’లనే పేరు పడింది. ఇంకా ఇది యెవరి కథో అంటారా?

యెలా చదవాలో 1873లోనే జ్యోతిరావు ఫూలే చూపించాడు. బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు తన ‘గులాంగిరీ’ని అంకితమిచ్చాడు. అంకితం సముద్రాల ఆవలికి. పుస్తకం మాత్రం తన గడ్డమీది శూద్రాతిశూద్రుల మెడలోని కాడి గురించి. దూరపు సంకెల దగ్గరి సంకెలను చూపించాలి, మరిపించకూడదు.

‘రూట్స్’ వెలువడిన 1976లోనే మన పార్లమెంటు వెట్టి రద్దు చట్టం చేసింది. నేటికీ ఇటుక బట్టీలనుంచి వెట్టి కూలీలను విడిపించిన వార్తలు వస్తూనే వున్నాయి. కుంటా కింటే కోసం యేడ్చినవాడే ఆ ఇటుకలతో ఇల్లు కట్టుకుంటాడు. యెవరు యే అప్పుకు కట్టుబడి వాటిని కాల్చారో అడగడు.

ఉపాధ్యాయ మిత్రులారా! యీ నవలలను తరగతిలో చదివించండి. కాని “యేడ్చావా?” అని అడిగి వూరుకోవద్దు. సంకెల యెవరు వేశారు, యెవరు తెంచారు, పరిహారం యెవరి జేబులోకి పోయిందని అడగండి. ఆ లెక్క అడగడం నేర్చిన విద్యార్థి తన వూరి లెక్క కూడా అడుగుతాడు.