పటాలమునకు వెల

కొలిమిగుండ్లలో పత్రిక చదువువారికి అమెరికా రష్యాల వైరముతో పని యేమి యని యడుగువారు గలరు. నాపరాతి గనులు, లారీ కిరాయిలు, రాని వాన, ఇవి గదా యిచ్చటి విషయములు! అట్లనువారు తమ కాలిక్రింది నేల చరిత్రను మఱచినారని మేము మనవి చేయుచున్నాము. పెద్దరాజ్యముల పోరులో చిన్నరాజ్య మొక పక్షమున చేరిన నేమగునో తెలిసికొనుటకు పరదేశముల గ్రంథములు తిరుగవేయ నక్కఱలేదు. ఈ నేలయే ఒకప్పుడు అట్టి బేరములో వెలగా చెల్లింపబడినది.

1798లో హైదరాబాదు నిజాము నిజామలీఖాను ఇంగ్లీషు కంపెనీతో సైన్యసహాయపు టొడంబడిక చేసికొనెను. నాటి ప్రపంచమున రెండు శిబిరములు ఇంగ్లండు, ఫ్రాన్సు. నిజాము కొలువున ఫ్రెంచివారు తీర్చిదిద్దిన పటాలముండెడిది. దానిని రద్దుచేసి కంపెనీ పటాలమును నిలుపుకొనవలెననుట షరతు. ఒకవైపున మరాఠాల భయము, ఒకవైపున మైసూరు భయము ఉండగా బలవంతుని నీడను నిలుచుట వివేకమని ఆయనకు తోచినది. తర్కమునకు లోపము లేదు. కాని పటాలమునకు జీతములుండును. జీతములకు పూచీ కావలసియుండును. 1800 అక్టోబరు నాటి సంధిలో ఆ పటాలపు ఖర్చుక్రింద, మైసూరు యుద్ధములలో తన వాటాకు వచ్చిన బళ్ళారి, అనంతపురము, కడప సీమలను నిజాము కంపెనీకి శాశ్వతముగా దత్తము చేసెను. కోవెలకుంట్ల ప్రాంతమును అందులోనిదే. నిజాము ప్రజగా పండుకొన్న రైతు కంపెనీ రయతుగా లేచెను. వాని నెవరును అడుగలేదు.

తరువాతి కథ అందఱెఱిగినదే. మన్రో దొర వచ్చి పాళెగాండ్ర నణచి శిస్తులు కట్టెను. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పదకొండు రూపాయల చిల్లర భరణముకొఱకు త్రిప్పింపబడి, కోవెలకుంట్ల ఖజానాపై పడి, 1847 ఫిబ్రవరిలో అచ్చటనే ఉరికంబ మెక్కెను. పొరుగున బనగానపల్లె నవాబుగారికి సంస్థానము మిగిలినది, తొమ్మిది తోపుల సలాము మిగిలినది. పరరాజ్యముతో స్వతంత్రముగా ఒక యుత్తరము నడుపుకొను హక్కు మాత్రము మిగులలేదు.

1928 నవంబరులో నంద్యాలలో జరిగిన ఆంధ్రమహాసభ సందర్భమున మనవారు 'దత్తమండలము'లను పేరును విడిచి, చిలుకూరి నారాయణరావుగారు సూచించిన 'రాయలసీమ' యను పేరును స్వీకరించిరి. ఆ మహాసభకు అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. ఆయనయే 1949లో స్వతంత్రభారత రాయబారియై మాస్కోకు పోయిరి. అంతకుముందు రాయబారిగా నుండిన విజయలక్ష్మీ పండిట్‌గారికి స్టాలిన్ దర్శనమే లభింపలేదు. ఆంగ్లేయుల ఒడిలోని బిడ్డయనియే మాస్కో మనలను తలచుచుండెను. రాధాకృష్ణన్‌గారికి 1950 జనవరిలో ఆ దర్శనము లభించినది. అటు అమెరికాలో డల్లెస్ దొర 1956లో తటస్థత నీతిబాహ్యమని యుపన్యసించెను. ఒకరికి బానిసలము, ఒకరికి నీతిమాలినవారము.

భారతదేశము చిన్నదేశమా యని యడుగవచ్చును. జనసంఖ్యలో కాదు. కాని 1950లో అమెరికా ఎనిమిది కోట్ల టన్నులకు మించి ఉక్కు పోసినది. రష్యా రెండు కోట్ల డెబ్బది లక్షలు. మనము పదునైదు లక్షల టన్నులకు లోపే. తుపాకుల లెక్కలో మనము లేగలము. ఆబోతులు కుమ్ములాడుకొన్న లేగల కాళ్లు విరుగునని మన పల్లెలలో నందఱకు తెలియును. అయితే లేగ యే ఆబోతు కొమ్ముల చాటున నిలువవలెను? నిలువరాదనియే మా వాదము.

కొరియాను తలచుకొనుడు. 1945 ఆగస్టులో వాషింగ్టనున ఇద్దఱు సైనికోద్యోగులు ఒక పటమును ముందుంచుకొని రాత్రివేళ 38వ అక్షాంశమువద్ద గీత గీచిరి. అయిదేండ్లలో ఆ గీతకు అటునిటునున్న అన్నదమ్ములు ఒండొరుల గొంతులు కోసికొనిరి. 1950 జూను 25న ఉత్తరకొరియా సేనలు గీత దాటగా అది దురాక్రమణమే యని భారతదేశము ఐక్యరాజ్యసమితిలో ఓటు చేసెను. పక్షము లేనివారికి నోరు లేదనువారు దీనిని మఱవరాదు. పోరుటకు సేనను పంపలేదు. కట్లు కట్టుటకు 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్సును పంపెను. అక్టోబరు మొదట చైనా ప్రధాని చౌ ఎన్ లై మన రాయబారి పణిక్కరుగారిని నడిరాత్రి పిలిపించి, అమెరికా సేనలు గీతను దాటినచో చైనా ఊరకుండదని చెప్పెను. ఆ మాట ఢిల్లీ ద్వారా వాషింగ్టనునకు చేరినది. పణిక్కరు కమ్యూనిస్టు పక్షపాతి యని అచ్చటివారు దానిని త్రోసిపుచ్చిరి. నెల తిరుగకముందే చైనా సేనలు యాలూ నదిని దాటినవి. యుద్ధము 1953 జూలై వఱకు సాగినది.

అది యాగుటకు కడపటి చిక్కు ఖైదీలు. స్వదేశమునకు పోనొల్లని ఖైదీని బలవంతముగా పంపవచ్చునా? 1952 డిసెంబరులో కృష్ణమేననుగారు తెచ్చిన తీర్మానమును సమితి యామోదించినది. మాస్కో తిట్టినది, పీకింగు కాదన్నది. ఆఱు నెలలు గడచిన పిమ్మట ఉభయులును ఒప్పుకొన్నది చాలవఱకు దాని పోలికయే. తిమ్మయ్యగారి అధ్యక్షతన సంఘమేర్పడెను. తోరాట్‌గారి క్రింద మన సేన 22 వేలకు మించిన ఖైదీలకు కాపలాగా నిలిచెను. దక్షిణకొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ భారతీయుల కాలు తన నేలపై మోపనీయననగా, మనవారిని ఓడలనుండి హెలికాప్టరులలో నడిమి మండలమునకు చేర్చవలసి వచ్చెను. రెండు పక్షములును మనవారిని దూషించినవి. కోర్టులలో తిరుగువారికి తెలియును: వాది ప్రతివాదులిద్దఱును అమీనాను తిట్టుచున్నచో అతడు తన పని చేసియుండునని చాలవఱకు నమ్మవచ్చును. ఏ పక్షమునకును పోనొల్లక మూడవదేశమును కోరిన ఎనుబదిమందికి పైబడిన ఖైదీలు 1954 ఫిబ్రవరిలో మన సేనతోపాటు ఓడలో మద్రాసుకు వచ్చిరి.

ఇక ఇంటి సంగతి. ప్రజాస్వామ్యమునకును కమ్యూనిజమునకును గల వైరము తెలుగువారికి పత్రికలలో చదివిన కథ కాదు. తెలంగాణమున 1946 మొదలు 1951 వఱకు అది తుపాకులతో నడచినది. వెట్టికిని రజాకార్ల దౌర్జన్యమునకును ఎదురు లేచిన రైతు ఆగ్రహమును మేము తక్కువచేయము. 1948 తరువాత పల్లెలలో సైనికులు చేసినదంతయు ఒప్పని చెప్పము. 1951లో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్యగారలు మఱి యిద్దఱు నాయకులతో రహస్యముగా మాస్కో చేరి స్టాలిన్‌తో మాటలాడి వచ్చిరి. ఆ యేటి అక్టోబరులో పోరాటమును విరమించిరి. తెలుగుపల్లెలో తుపాకి దించవలెనా యను ప్రశ్న అంతదూరము పోవలసివచ్చెనే యని మా బాధ. కాని మఱియొకటి గమనింపదగియున్నది. మాస్కోనుండి సలహా వచ్చినది, సేన రాలేదు. వాషింగ్టను సేనయు రాలేదు. రెంటికిని ఇచ్చట స్థావరము లేదు. స్థావరము లేదు గనుక సాకు లేదు.

కావుననే తగవు ఓటుపెట్టెలోనికి మరలినది. 1952లో అనంతపురమున తరిమెల నాగిరెడ్డిగారు నీలం సంజీవరెడ్డిగారి నోడించిరి. ఒకరు కమ్యూనిస్టు, ఒకరు కాంగ్రెసు. వారిద్దఱు బావ బావమరదులు. కొరియాలో అన్నదమ్ముల చేతులకు ఫిరంగుల నందించిన వారుండిరి. అనంతపురమున బావమరదుల నడుమకు వచ్చినవి ఓటుచీటీలు మాత్రమే.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. మఱుసటి నవంబరులో ప్రకాశంగారి మంత్రివర్గము కూలినది. 1955 ఫిబ్రవరిలో 196 స్థానములకు ఎన్నికలు జరిగినవి. ఈసారి కమ్యూనిస్టులదే రాజ్యమని తలచినవారు పలువురు. అట్టి తరుణమున, జనవరిలో, మాస్కో ప్రావ్డా పత్రిక నెహ్రూగారి విదేశాంగనీతిని మెచ్చుకొనుచు సంపాదకీయము వ్రాసెను! కాంగ్రెసువారు దానిని అచ్చొత్తించి పంచిరి. వేదికలపై నెహ్రూను దూషించుచున్నవారి గొంతులో వెలగపండు పడినట్లయినది. కాంగ్రెసు కూటమికి 146 స్థానములు, కమ్యూనిస్టులకు 15. నూటికి 31 ఓట్లు తెచ్చుకొన్న పక్షమునకు ఇన్నియే స్థానములు దక్కుట న్యాయమని మేము వాదింపజాలము. కాంగ్రెసు ప్రచారకులు చూపిన భూతములన్నియు నిజములనియు ననజాలము. కాని యోడినవారు అడవికి పోలేదు, శాసనసభకు వచ్చిరి. 1957లో కేరళమున అదే పక్షము ఓటుతోనే అధికారమునకు వచ్చినది. 1959లో ఢిల్లీ ఆ మంత్రివర్గమును తొలగించుట స్వదేశీయమైన పాపము. దానికి పరుల సేన యక్కఱ లేకపోయెను.

శిబిరముల నీడలోని దేశములకు ఇంతమాత్రపు భాగ్యమును కలుగలేదు. గ్వాటెమాలాలో ప్రజలెన్నుకొన్న ప్రభుత్వమును 1954లో అమెరికా కుట్ర కూల్చినది. హంగెరీ ప్రజలు కోరిన మార్పును 1956లో రష్యా టాంకులు నలిపివేసినవి. ఇచ్చటనే మన ప్రభుత్వపు అడుగు తడబడినది. సూయజుపై ఇంగ్లండు ఫ్రాన్సులు దండెత్తినపుడు ఖంగున మ్రోగిన గొంతు హంగెరీ విషయమున నీళ్లు నమలినది. సమితి పర్యవేక్షణమున హంగెరీలో ఎన్నికలు జరుపవలెనను తీర్మానమునకు ఆ నవంబరులో మనవారు కమ్యూనిస్టు రాజ్యములతో కలిసి ఎదురు ఓటు వేసిరి. కాశ్మీరమునకును ఆ నియమము తగులునేమో యను జంకు అందులో నుండినదని పలువురి యభిప్రాయము. జయప్రకాశ్ నారాయణ్‌గారు ఆనాడే గర్హించిరి. వారి గర్హణ న్యాయమైనది. 1980 జనవరిలో ఆఫ్ఘనిస్థానము విషయమునను మన ఓటు ఎటును పడలేదు. ఏ పక్షమునను చేరనివాని కున్న ఆస్తి వాని మాటయొక్కటే. దానిని అవసరమునుబట్టి కుదువబెట్టినచో విడిపించుకొనుట కష్టము.

మాటను కుదువబెట్టించునది తఱచుగా ఆకలి. 1951-52లో రాయలసీమ కరవున జనులు గంజికేంద్రములవద్ద బారులు తీరిన దినములలో, దేశము అమెరికానుండి 19 కోట్ల డాలర్ల ఋణముపై 20 లక్షల టన్నుల ధాన్యమును తెచ్చుకొనెను. రష్యానుండి 50 వేల టన్నుల గోధుమ వచ్చినది. పెట్టినవారికి కృతజ్ఞత చెప్పుట మన ధర్మము. కాని 1965-66లో వియత్నాం యుద్ధముపై మన విమర్శకు కోపించిన అధ్యక్షుడు జాన్సను గోధుమ ఓడలను నెలనెలకు లెక్కపెట్టి విడిచెను. విదేశాంగనీతికి మొదటి కార్యాలయము ఢిల్లీలో లేదు. చెఱువులోను, నాగటిచాలులోను ఉన్నది.

1962లో చైనా దండెత్తినపుడు ఈ నీతి యేమైనదని యెదిరిపక్షమువారి ప్రశ్న. ప్రశ్న బలమైనదే. ఆనాటి సన్నాహలోపమునకు క్షమాపణ లేదు. కాని అమెరికా ఆయుధములు వచ్చినవి, రష్యా మిగ్ విమానములును వచ్చినవి. ఒక జిల్లానైనను ఎవరికిని దత్తము చేయవలసిరాలేదు. 1971 ఆగస్టున రష్యాతో సంధి చేసికొన్నపుడును పరుల పటాలము మన నేలపై కాపురము పెట్టలేదు. ఆ రష్యా కూటమియే 1991 డిసెంబరులో అంతరించినది. అంతకు నెల ముందే నంద్యాల ఓటర్లు పి.వి. నరసింహారావుగారిని 5 లక్షల 80 వేల ఓట్ల ఆధిక్యముతో లోకసభకు పంపియుండిరి. ఖజానాలో డాలర్లు లేవు, పాత స్నేహితుడు లేడు, అట్టి వేళ ఆయన రెండు దిక్కుల తలుపులు తెఱచి దేశమును నడిపెను. శిబిరములో పుట్టి శిబిరముతో కూలిన రాజ్యములకు ఆ వెసులుబాటు లేకపోయెను.

ఈ విషయము చరిత్రపాఠముగా ముగిసిపోలేదు. రష్యా 1922 నాటి కూటమి కాదు, అమెరికా డల్లెస్ నాటిది కాదు. పోరు మాత్రము కొత్తపేళ్లతో వచ్చినది. 2022లో రష్యా యుక్రెయిన్‌పై దండెత్తినపుడు మనము సమితిలో ఓటు వేయక కూర్చుంటిమి. 2025 ఆగస్టులో రష్యా నూనె కొన్నారని అమెరికా మన సరకులపై అదనపు సుంకము వేయగా ఆ దెబ్బ మొదట తగిలినది కోస్తా రొయ్యల రైతునకు.

మఱియొకటి చెప్పవలసియున్నది, న్యాయశాస్త్రము చదివినవారము గనుక దానిని విడువజాలము. 2016లో అమెరికాతో, 2025లో రష్యాతో, ఒకరి సేనలు మఱియొకరి రేవులను, విమానాశ్రయములను సరఫరాలకు వాడుకొను ఒడంబడికలు జరిగినవి. ఇవి స్థావరములు కావని అమెరికా యొడంబడికనుగూర్చి మన ప్రభుత్వము చెప్పినది, మేము నమ్ముచున్నాము. కాని రష్యాతోడి యొడంబడికను 2025 డిసెంబరులో రష్యా దూమా ఓటుచేసి యామోదించెను. అమెరికా రాజ్యాంగమున సంధికి సెనేటులో మూడింట రెండు వంతుల సమ్మతి కావలెను. మన రాజ్యాంగమున సంధి చేయుట మంత్రివర్గపు పని; దాని యమలుకు చట్టము కావలసినప్పుడే పార్లమెంటు వద్దకు వచ్చును. 1800లో హైదరాబాదు దర్బారున సంతకము చేసినవారు కోవెలకుంట్ల రైతు నడుగలేదు. నేటి రైతునకు ఓటున్నది; ఈ విషయమున ఆ ఓటునకు పని లేదు.

పరసేనలు మన రేవులను వాడుకొను ప్రతి యొడంబడికయు అమలునకు రాకముందు ఉభయసభల బల్లపై నుండవలెననియు, లోకసభ ఓటు లేనిది చెల్లరాదనియు ఒక చట్టము కావలెను. రక్షణరహస్యముల కుపయోగించు షరతులను సభాసంఘము మాత్రము చూచుట కేర్పాటు చేయవచ్చును. ఏ పక్షపు సభ్యుడైనను సొంత బిల్లులు తెచ్చుటకు లోకసభలో శుక్రవారములున్నవి. నంద్యాల, కర్నూలు, కడప, అనంతపురముల సభ్యులు ఆ బిల్లును తెత్తురా యని మన పఠనమందిరములవారు సంతకములతో వ్రాసి యడుగవలెనని కోరుచున్నాము. వచ్చిన జవాబులను ఏ పక్షమువారివైనను ఈ పుటలో ప్రకటింతుము.