డెలివరీ డేట్ దాటిందా? ఆ తర్వాతి వారంలో ఏం జరుగుతుంది?

డాక్టర్ రాసిచ్చిన తేదీ నిన్నటితో అయిపోయింది. నొప్పుల జాడ లేదు. 'ఇంకా కాలేదా?' అంటూ చుట్టాల ఫోన్లు మొదలయ్యాయి. బాగ్ లింగంపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ఇళ్లలో ఎవరైనా ఈ పరిస్థితిలో ఉంటే ముందు ఒకటి గుర్తుంచుకోండి. ఆ తేదీ అంచనా మాత్రమే. సరిగ్గా అదే రోజు కాన్పయ్యేది నూటికి నలుగురైదుగురికే.

ఆ తేదీ ఎలా వస్తుంది? చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కిస్తారు. నెలసరి జనవరి 1న వస్తే డ్యూ డేట్ అక్టోబర్ 8. కానీ ఈ లెక్క 28 రోజులకోసారి నెలసరి వచ్చేవారికి సరిపోతుంది. 35 రోజులకోసారి వచ్చేవారికి అసలు తేదీ అక్టోబర్ 15 దాకా జరుగుతుంది. అందుకే మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌కు అంత విలువ. తొమ్మిదో నెల స్కాన్ రిపోర్టులో వేరే తేదీ కనిపిస్తే కంగారు పడకండి. అది బిడ్డ సైజును బట్టి మెషీన్ వేసిన లెక్క. దాన్ని చూసి డేట్ మార్చరు. 'డేట్ దాటింది' అని ఎవరైనా అంటే మొదటి స్కాన్ రిపోర్టు చూపించి, 'ఈ తేదీ ప్రకారమేనా?' అని అడగండి.

అలాగని ఎంతకాలమైనా ఆగొచ్చా? ఆగకూడదు. 41 వారాలు దాటేకొద్దీ మాయ పనితీరు మందగించొచ్చు, ఉమ్మనీరు తగ్గొచ్చు, బిడ్డ కడుపులోనే మలవిసర్జన చేసే అవకాశం పెరుగుతుంది. గర్భంలోనే బిడ్డ చనిపోయే ముప్పు తక్కువే అయినా, ఈ దశలో అది పెరుగుతూ పోతుంది. స్వీడన్‌లో 2,760 మంది గర్భిణులపై జరిగిన పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. 42 వారాల దాకా ఆగిన వారిలో ఆరుగురు బిడ్డలు చనిపోగా, 41 వారాలకే నొప్పులు తెప్పించిన వారిలో ఒక్క మరణం కూడా లేదు. ఆ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, తేదీ కచ్చితంగా తెలిసినప్పుడు 41 వారాలకు నొప్పులు తెప్పించాలనే చెబుతోంది. పై ఉదాహరణలో అది అక్టోబర్ 15. బీపీ, షుగర్ ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు. వారిని చాలాసార్లు డ్యూ డేట్ కంటే ముందే చేర్చుకుంటారు.

ఈ వారంలో బిడ్డ గుండె చప్పుడు చూసే ఎన్‌ఎస్‌టీ, ఉమ్మనీటి స్కాన్ చేయొచ్చు. 'నీరు తగ్గింది' అంటే ఎంత ఉందో అడగండి. లోతైన చోట 2 సెంటీమీటర్ల లోపు ఉంటే తక్కువని అర్థం. అడ్మిట్ చేసుకుంటే గర్భాశయ ముఖద్వారం మెత్తబడటానికి జెల్ గానీ, మాత్ర గానీ, చిన్న బెలూన్ గానీ వాడతారు. తర్వాత సెలైన్‌లో ఆక్సిటోసిన్ ఎక్కిస్తారు. మొదటి కాన్పుకైతే ఇదంతా ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. అంతసేపు పట్టిందని అది ఫెయిలైనట్టు కాదు. ఇంతకుముందు సిజేరియన్ అయి ఉంటే ముందే చెప్పాలి, కొన్ని మందులు వాడకూడదు.

తెలంగాణలో ఈ తేడా తెలిసి ఉండటం మరీ అవసరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడి కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటులో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. డేట్ దాటడం ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. బిడ్డ గుండె చప్పుడు తేడాగా ఉండటం, బిడ్డ అడ్డం తిరగడం వంటివి కారణాలు. ఆపరేషన్ అంటే 'ముందు నొప్పులు తెప్పించి చూడొచ్చా? కుదరకపోతే ఎందుకు?' అని అడిగే హక్కు మీకుంది. అయితే తప్పంతా ఆసుపత్రులదే అనలేం. ముహూర్తం చూసి కోయించుకునేవారు ఉన్నారు, 'అమావాస్య వెళ్లాక చేరతాం' అని 41 వారాల తర్వాత కూడా వాయిదా వేసేవారూ ఉన్నారు. రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఈ ప్రాంతం వారికి దగ్గరి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి సుల్తాన్‌బజార్‌లో ఉంది. చెకప్‌కైతే చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి నారాయణగూడ దాటాక తర్వాతి స్టేషన్‌లో దిగొచ్చు. ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి, పాతబస్తీ వైపు పేట్లబుర్జు ఆసుపత్రి కూడా ఉన్నాయి. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం అన్నీ ఉచితం. ఆసుపత్రికి తీసుకెళ్లడం, తిరిగి ఇంటికి చేర్చడం కూడా అందులోనే ఉంది. వాహనానికి 102, అత్యవసరమైతే 108.

నెలలు నిండాక బిడ్డ కదలికలు తగ్గడం మామూలే అని పెద్దవాళ్లు చెబితే నమ్మకండి. ఎప్పటికంటే కదలిక తగ్గితే తెల్లారేదాకా ఆగొద్దు. ఉమ్మనీరు పోయినా, ముఖ్యంగా పచ్చగా కనిపించినా, రక్తస్రావమైనా, విపరీతమైన తలనొప్పితో చూపు మసకబారినా అంతే. నొప్పులు రావాలని ఆముదం తాగొద్దు, వాంతులు, విరేచనాలే మిగులుతాయి. మొదటి స్కాన్ రిపోర్టు, తల్లీబిడ్డల కార్డు, ఆధార్ ఒకే కవర్లో పెట్టి తలుపు పక్కనే ఉంచుకోండి.