వెడల్పు పడవ, ఇరుకు రోడ్డు

మంచం కొనడం తేలిక. దాన్ని గుమ్మంలోంచి లోపలికి పట్టించడం కష్టం. మీ ఇంట్లోనూ ఈ ముచ్చట ఎప్పుడో జరిగే వుంటుంది. ఒకరు "నిలబెట్టండి" అంటారు, ఇంకొకరు "పక్కకి వంచండి" అంటారు, ఆఖరికి ఎవరో వడ్రంగిని పిలుచుకొచ్చి కోళ్లు ఊడదీయిస్తారు. సరిగ్గా ఈ తగువే పందెం పడవలవాళ్లకీ వుందని తెలిశాక నాకు వాళ్లమీద ఎక్కడలేని చుట్టరికం పుట్టుకొచ్చింది.

నేను చెప్పేది కెటమరాన్ల సంగతి. రెండు సన్నటి దోనెలు పక్కపక్కనే వుంటాయి. వాటిని కలుపుతూ ముందొకటి, వెనకొకటి అడ్డదూలాలు. మధ్యలో నవారు మంచంలాగా బిగించిన గుడ్డ. పైన తెరచాప. గాలి తెరచాపను తోసినప్పుడు పడవ ఒకపక్కకి ఒరుగుతుంది. నడిపేవాళ్లు రెండో అంచుకి చేరి, తమ బరువుతో దాన్ని అదిమిపెడతారు. తక్కెడ కాడ పొడుగైనకొద్దీ చిన్న బరువే ఎక్కువ పని చేస్తుంది గదా! ఇక్కడా అంతే. పడవ వెడల్పైనకొద్దీ ఎక్కువ గాలికి తట్టుకుంటుంది, ఎక్కువ వేగం పోతుంది.

ఇంగ్లండులో రోడ్నీ మార్చ్ 1967లో రూపొందించిన టోర్నాడో అనే పడవ ఇందుకు మంచి ఉదాహరణ. 1976 నుంచి 2008 దాకా ఒలింపిక్ పందేల్లో పరుగెత్తింది. పొడుగు 6.1 మీటర్లు, వెడల్పు 3.05 మీటర్లు, అంటే పది అడుగులు. కాని పందేలు ఒక్క వూళ్లోనే జరగవు. కారు వెనక ట్రయిలరు తగిలించి, వూరూరా తిప్పాలి. ఐరోపాలో రోడ్డుమీద వెళ్లే బండి వెడల్పుకి మామూలు హద్దు 2.55 మీటర్లు. అమెరికాలో పెద్ద రోడ్లమీద 2.59. "అర మీటరేగా ఎక్కువ, సర్దుకుపోరాదా?" అంటారేమో. చీకట్లో ఎదురుగా సైకిలుమీద వచ్చేవాణ్ణి తలచుకోండి. ఆ అర మీటరులో ఒక మనిషి ప్రాణం పడుతుంది.

మరి ఎల్లాగ? మొదటి వుపాయం వడ్రంగిది: ఊడదీయడం. బోల్టులు విప్పితే దోనెలు వేరు, దూలాలు వేరు. హాయిగా కట్టుకుని పోవచ్చు. చిక్కేమిటంటే, సముద్రంమీద ఒక దోనె అలపైకి ఎక్కుతున్నప్పుడు రెండోది కిందికి దిగుతూ వుంటుంది. అతుకులు ఏ కాస్త వదులుగా వున్నా పడవంతా మెలితిరుగుతుంది. గాలి ఇచ్చిన బలం వేగం కాకుండా ఆ మెలికల్లోనే ఖర్చయిపోతుంది. అందుకే కొందరు పందెగాళ్లు దూలాల్ని దోనెలకు జిగురుతో అంటించేస్తారు. ఇక విప్పే మాటే లేదు.

రెండోది వంచడం. ట్రయిలరుమీద ఒకపక్క బందులున్న చట్రం వుంటుంది. పడవను దానిమీద కట్టి, చేతితో తిప్పే మరతో రెండో పక్క పైకెత్తి, చీల వేసి బిగిస్తారు. పడవ పలకలాగా పల్చగా వుంటే ముప్ఫైనాలుగు డిగ్రీలు ఎత్తితే చాలు. దోనెలకి అర మీటరు లోతు వుందనుకుంటే మాత్రం నలభైఅయిదు డిగ్రీలు కావాలి. అప్పుడు వెడల్పు 2.51 మీటర్లకి దిగుతుంది. ఎత్తూ అంతే అవుతుంది. కింద ట్రయిలరు ఎత్తు సరేసరి. పక్కనించి ఈదురుగాలి కొడితే ఆ వంగిన పడవే తెరచాప అవుతుంది. కనక మోకులు గట్టిగా కట్టాలి, కారు నిదానంగా నడపాలి.

మూడోది దూలాల్నే ముడుచుకునేట్టు చెయ్యడం. అమెరికాలో 1970ల్లో వచ్చిన స్టిలెటో 27 అనే పడవకి దూరదర్శిని గొట్టంలాగా ఒకదాంట్లోకి ఒకటి దూరే దూలాలు పెట్టారు. న్యూజిలాండువాడు ఇయన్ ఫారియర్ మూడు దోనెల పడవలకి పక్క దోనెలు మడిచే కీలు కనిపెట్టాడు. ఒలింపిక్‌కి వెళ్లే తేలిక పడవమీద ఈ కీళ్లూ గొట్టాలూ వేస్తే బరువు పెరుగుతుందని భయం.

నాలుగోది అసలు పుట్టుకలోనే కురచ చెయ్యడం. ఒక్కరు నడిపే ఎ-క్లాసు పడవకి 2.3 మీటర్లే హద్దు. 2016 నుంచి ఒలింపిక్‌లో వున్న నాక్రా 17 వెడల్పు 2.59 మీటర్లు. అమెరికా రోడ్ల హద్దు కూడా సరిగ్గా అంతే! ఇది కాకతాళీయమంటే నేను నమ్మలేను. పదడుగుల పడవను అంతకి కుదిస్తే, అంచున కూర్చున్న మనిషి బరువుకి వుండే పట్టులో దాదాపు ఆరో వంతు పోతుంది. సముద్రంమీద బతకవలసిన పడవకి రోడ్డు కొలతలు తియ్యడం నాకెందుకో మనస్కరించదు. నన్నడిగితే నా వోటు వంచే ట్రయిలరుకే. మారవలసింది బండి, పడవ కాదు.

ఇంతకీ కెటమరాన్ అన్న మాట ఎక్కడిదో తెలుసా? అరవంలోని కట్టుమరం. కట్టిన మాను అని అర్థం. రెండు దోనెల రూపం పసిఫిక్ దీవులవాళ్లది. పేరు మాత్రం మన తీరంనించి పోయింది. మన విశాఖ తీరంలో దాన్నే తెప్ప అంటారు. ఇప్పుడు చాలాచోట్ల ఫైబరు పడవలు వచ్చాయి గాని, ఆ తెప్పవాళ్లు చేసిన పని చూడండి. వేటకి వెళ్లేటప్పుడు తేలిక దుంగల్ని తాళ్లతో బిగించేవారు. వొడ్డుకి రాగానే ముళ్లు విప్పి, దుంగలు వేరుచేసి, భుజాన వేసుకుని మెరకకి చేర్చి ఎండబెట్టేవారు. నీళ్లలో ఒకటి, నేలమీద నాలుగు. బోల్టూ లేదు, మరా లేదు. వున్నదల్లా మంచి ముడి.