డాక్టరు దగ్గర దాచిపెట్టే మాట

బన్సీలాల్‌పేట్ నుండి మా ఓ.పి.కి వచ్చేవారిలో చాలామంది అప్పటికే రెండు మూడు చోట్ల చూపించుకొని ఉంటారు. సందు చివరి మెడికల్ షాపు, పక్కవీధి ఆర్.ఎం.పి., బస్తీ దవాఖానా, కొందరైతే గాంధీ ఆసుపత్రి కూడా. అందులో తప్పేమీ లేదు. జ్వరంతో ఉన్నవారు దగ్గరున్న తలుపే ముందు తడతారు. మాకు బాధ కలిగించేది ఒక్కటే. "ఇంతకుముందు ఏమైనా మందులు వాడారా?" అని అడిగితే, "ఏమీ వాడలేదండీ" అనే జవాబు.

రక్తపరీక్షలు, స్కానింగులు ఎన్ని వచ్చినా డాక్టరుకు దారి చూపేది ముందుగా రోగి చెప్పే మాటే. మన ఊళ్లోనే దీనికి పాత సాక్ష్యం ఉంది. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి, దోమకు ఒక అణా చొప్పున తీసుకొని, రొనాల్డ్ రాస్ పెంచిన దోమలతో కుట్టించుకున్నాడు. ఆ దోమల్లోనే ఆగస్టు 20న రాస్ మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి డాక్టరుకు వచ్చింది. రోగి ఇవ్వకపోతే ఆ డాక్టరుకు తెలిసేదేమిటి?

మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన పొట్లం మాత్రలు నెలల తరబడి మింగే అమ్మలున్నారు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే షుగరు, బీ.పీ. పెరుగుతాయి. ఒక్కసారిగా మానేస్తే బీ.పీ. పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పొట్లం సంగతి తెలియని డాక్టరు షుగరు మందు డోసు పెంచుకుంటూ పోతాడు.

షుగరు పరీక్షకు నాలుగు రోజుల ముందు నుండి మాత్రం పత్యం చేసి, మాత్రలు వేళకు వేసుకొని వచ్చేవారూ ఉన్నారు. హెచ్‌బిఎ1సి పరీక్ష సుమారు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి సంగతి బయటపడుతుంది. వారూ నవ్వుతారు, మేమూ నవ్వుతాము.

క్షయ దగ్గర నవ్వలేము. మందు మొదలైన నెలా రెండు నెలల్లో దగ్గు తగ్గి ఆకలి పుడుతుంది. ఇక పనికి పోవాలని మాత్రలు మానేస్తారు. మామూలు క్షయకు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. మధ్యలో ఆపితే మందులకు లొంగని క్షయగా తిరగబెట్టవచ్చు, ఇంట్లో పసిపిల్లలకూ అంటవచ్చు. ఆపామని చెప్పడానికి సిగ్గుపడి కొందరు ఆసుపత్రికి రావడమే మానుకుంటారు. అసలు మాకు కావలసింది వారే. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. ఆహారం కోసం ఇచ్చే నెలకు 500 రూపాయలను 2024 నవంబరు నుండి 1000 చేశారు.

ఎందుకు దాస్తారు? తిడతారని. కసిరే డాక్టరు ముందు ఎవరికైనా నోరు పెగలదు. మరో కారణం, గది నిండా చుట్టాలు. అత్తగారు పక్కన నిలబడి ఉంటే కోడలు ఏం చెబుతుంది? "డాక్టరుగారూ, మీతో ఒక్కదాన్నే మాట్లాడాలి" అని మీరు అడగవచ్చు. మీ రహస్యం కాపాడటం మా దయ కాదు, భారత వైద్య మండలి 2002 నియమావళి మాపై పెట్టిన బాధ్యత. కోర్టు అడిగినప్పుడు, ఇతరులకు ప్రమాదం ఉన్నప్పుడు, క్షయలాగా ప్రభుత్వానికి తెలపవలసిన వ్యాధుల విషయంలో మినహాయింపు ఉంది. ఇరుగుపొరుగుకు తెలపమని ఎక్కడా లేదు.

ఇది సంఘపు ఆసుపత్రి కాబట్టి ఆదివారం గుడిలో అందరికీ తెలిసిపోతుందని కొందరి భయం. మా అభిప్రాయం స్పష్టం. మీరు చెప్పమంటే తప్ప మీ జబ్బు పేరు ప్రార్థన విన్నపాల చీటీలోకి ఎక్కకూడదు, పాస్టరుగారు అడిగినా సరే.

మార్కు సువార్త 5వ అధ్యాయంలోని స్త్రీ పన్నెండేళ్లు రక్తస్రావంతో అనేకమంది వైద్యుల చేతుల్లో తిప్పలుపడి, ఉన్నదంతా ఖర్చుపెట్టుకొంది. (లూకా తానూ వైద్యుడు గనుకనేమో, ఆ మాట కాస్త మెత్తగా రాశాడు.) ఆమె కూడా మొదట ఎవరికీ తెలియకుండా వెనుకనుండే వచ్చింది. తర్వాత వణుకుతూ ముందుకొచ్చి ఉన్నదున్నట్లు చెప్పింది. ప్రభువు కసరలేదు, కుమారీ అని పిలిచారు.

వచ్చేసారి వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకొని రండి. పాత చీటీలు, పసరు సీసా, పేరు తెలియని పొట్లం కూడా.