కాశీలో వదిలిన కాకరకాయ

కాశీ, గయ యాత్ర ముగించుకొని వచ్చినవారిని బంధువులు తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది: "ఏ కాయ వదిలారు? ఏ పండు వదిలారు?" తీర్థంలో ఒక శాకాన్ని, ఒక ఫలాన్ని యావజ్జీవం త్యజించి రావడం తెలుగునాట తరతరాల ఆచారం. మిక్కిలి ప్రీతిపాత్రమైనదాన్ని వదలాలన్నది దాని ఉద్దేశం. ఆచరణలో మాత్రం చిత్రమైన పరిణామం కనిపిస్తుంది. చేదు గిట్టనివారు కాకరకాయను వదులుతారు. జిగురంటే రోతపడేవారు బెండకాయను వదులుతారు. పండు విషయానికి వస్తే, తమ ఊరి అంగడిలో ఏనాడూ కనబడని పండొకటి జ్ఞప్తికి వస్తుంది. ఆనాటినుండి ఆ ఇంట కాకరకాయ వండినా వారి విస్తట్లో వడ్డించరు. నిన్నటిదాకా "నోటికి సయించదు" అన్న మాట, నేడు "కాశీలో వదిలేశాను" అయింది. అయిష్టం వ్రతమైంది.

ఇది ఇళ్ళలో నవ్వుకోవడానికి పనికివచ్చే సంగతే. కాని ఈ నవ్వు వెనుక సాధకుడు తప్పించుకోలేని ప్రశ్న ఒకటి దాగి ఉన్నది. ద్వేషించినదాన్ని విడువడం త్యాగమవుతుందా? గీత 18వ అధ్యాయంలో భగవానుడు త్యాగాన్ని మూడు విధాలుగా విభజించి, కష్టమనే కారణంతో, శరీరానికి క్లేశం కలుగుతుందనే భయంతో విడువడం రాజసత్యాగమనీ, అట్టివానికి త్యాగఫలం లభించదనీ నిర్ణయించాడు. అక్కడ ప్రస్తుతమైన విషయం కర్మ, కూర కాదు. అయినా న్యాయం ఒకటే. అదే సందర్భంలో నిజమైన త్యాగిని వర్ణిస్తూ, అతడు అప్రియమైనదాన్ని ద్వేషించడు, ప్రియమైనదానికి అంటుకొనడు అన్నాడు. కాకరకాయను గంగకు సమర్పించిన యాత్రికునికి ఈ లక్షణంలో ఏ సగమూ అన్వయించదు. గయలో పితృదేవతల సన్నిధిలో కాకరను వదిలివచ్చినవాడే, తద్దినంనాడు తన ఇంట కాకరకాయ వండక తప్పని ఆచారం ఉంటే, పితృశేషం స్వీకరించే వేళ ఏమి చేయాలో తోచక పురోహితుని ముఖం చూస్తాడు.

ఆహారం విషయంలో అయిష్టాలు బలంగా ఉన్నవారు సమాజంలో తక్కువమంది కారు. కొందరికి పెరుగు వాసనే పడదు. కొందరికి వంకాయ గుజ్జు నాలుకకు తగిలితే వికారం. కొందరు ఇంగువ ఉన్న పప్పును ఆమడ దూరంనుండే గుర్తిస్తారు. వీరిని మందలించే పెద్దలు తరచుగా ఆశ్రయించేది తైత్తిరీయోపనిషత్తును. అన్నాన్ని నిందించరాదు, అన్నాన్ని పరిహరించరాదు, అన్నాన్ని సమృద్ధిగా ఆర్జించాలి అని భృగువల్లి వరుసగా వ్రతాలను విధించింది. నిజమే. అయితే ఆ వ్రతాలు ఏ స్థానంలో ఉన్నవో గమనించినవారు అరుదు. భృగువు తపస్సు చేసి అన్నమే బ్రహ్మమని మొదట తెలిసికొన్నాడు. పిదప ప్రాణం, మనస్సు, విజ్ఞానం, చివరికి ఆనందం. ఆనందం బ్రహ్మమని తెలిసిన తర్వాత ఉపనిషత్తు ముగిసిపోవచ్చు. ముగియలేదు. మళ్ళీ అన్నం వద్దకే దిగివచ్చి, దాన్ని నిందించవద్దన్నది. ఏ ద్వారం గుండా బ్రహ్మజ్ఞానం కలిగిందో ఆ అన్నాన్ని గురువును వలె చూడాలని శంకర భగవత్పాదులు అక్కడ భాష్యం చెప్పారు. మెట్లెక్కి మేడ చేరినవాడు మెట్టును తన్నకూడదన్నమాట.

ఇక పరిహరించరాదన్న రెండవ వ్రతం. అయిష్టం ఉన్నవారిని నిజంగా కలవరపెట్టేది ఇదే. విస్తట్లో పడిన ప్రతి పదార్థాన్నీ తినితీరాలా? అదే దీని అర్థమైతే భక్ష్యాభక్ష్య విచారానికి శాస్త్రంలో తావే ఉండదు. ఏకాదశి ఉపవాసమే దోషమవుతుంది. భాష్యకారుల వివరణ ఇక్కడ సూక్ష్మమైనది. ఇది శుభం, ఇది అశుభం అనే కల్పనతో అన్నాన్ని విడువకుండుటే దానికి చేసే స్తుతి అన్నారు. ఇందులో కీలకమైన పదం కల్పన. నాలుక నిరాకరించడం వేరు. ఆ నిరాకరణకు ఆధారంగా పదార్థానికే ఒక హీనత్వాన్ని కల్పించడం వేరు. ఉపనిషత్తు నిషేధించినది రెండవదానిని.

ధర్మశాస్త్రకారులు మానవస్వభావాన్ని ఎరుగనివారు కారు. తినదగని అన్నాన్ని వర్గీకరిస్తూ వారు జాతిదుష్టం, క్రియాదుష్టం, కాలదుష్టం, సంసర్గదుష్టం అన్న భేదాలతో పాటు సహృల్లేఖమనే ఒక భేదాన్ని కూడా చెప్పారు. చూడగానే మనస్సులో జుగుప్స పుట్టించే అన్నమని దానికి అర్థం. అంటే అన్నంలో భౌతికమైన దోషం లేకున్నా, హృదయంలో కలిగే ఏవగింపును కూడా వారు లెక్కలోకి తీసికొన్నారు. అదే మనువు 2వ అధ్యాయంలో, అన్నాన్ని నిత్యం పూజించి, తూలనాడక, సంతోషంతో భుజించాలని విధించాడు. ఈ రెంటినీ కలిపి చదివితే శాస్త్రహృదయం బోధపడుతుంది. రోతపుట్టినది తినకపోవచ్చు, తినేదాన్ని, తిననిదాన్ని కూడా తూలనాడకూడదు.

ఆచరణలో ఈ భేదం ఎంత గంభీరమైనదో ఒక్క పంక్తిభోజనం చూస్తే చాలు. గుత్తివంకాయ వడ్డించారు. ఒకడు విస్తరిపై చేయి అడ్డంపెట్టి, "వద్దండీ, పప్పు మరికొంచెం వేయండి" అంటాడు. పక్కవాడు ముక్కు చిట్లించి, "ఛీ, దీన్ని ఎలా తింటారండీ?" అంటాడు. ఇద్దరూ వంకాయ తినలేదు. జిహ్వకు సంబంధించినంతవరకు ఇద్దరిదీ ఒకే స్థితి. కాని రెండవవాడు, తెల్లవారుజామున లేచి మసాలా దంచి కాయలు కూరిన తల్లిని అవమానించాడు; ఎదుట కూర్చొని ఇష్టంగా తింటున్నవాని నోటిలోని ముద్దను చేదు చేశాడు. ఒకరి అన్నాన్ని అసహ్యించుకొన్నవాడు ఆ అన్నం తినే మనిషిని గౌరవించడం దుర్లభం. పదార్థం మీద మొదలైన నింద, తినేవారి కులం మీదికి, ప్రాంతం మీదికి, దారిద్ర్యం మీదికి ప్రాకడానికి ఎంతో కాలం పట్టదు. జొన్నసంకటిని, అంబలిని ఎగతాళి చేసిన నోళ్ళు ఎన్ని లేవు!

ఇంతకంటె సూక్ష్మమైన దోషం మరొకటి ఆధ్యాత్మిక వర్గాలలోనే ప్రబలుతున్నది. తనకు సయించనిదానికి శాస్త్రీయమైన నామకరణం చేయడం అది. ముల్లంగి వాసన గిట్టనివాడు "అది తామసం" అంటాడు. కారం ఓర్వలేనివాడు పక్కవాని ఆవకాయను చూసి "రాజసం" అని పెదవి విరుస్తాడు. గీత 17వ అధ్యాయం ఆహారత్రయాన్ని చెప్పేటప్పుడు, ఏ గుణం గలవానికి ఏ ఆహారం ప్రియమో చెప్పింది. అది ఎవరికి వారు తమ రుచిని చూచుకొనే అద్దం. దాన్ని ఎదుటివాని విస్తరిని కొలిచే కొలబద్దగా మార్చుకొన్నారు. పైగా ఆ శ్లోకాలలో సాత్త్వికాహార లక్షణాలుగా రసవంతం, స్నిగ్ధం, హృదయానికి ప్రియమైనది అన్నవి స్పష్టంగా ఉన్నవి. రుచి లేనిదే సాత్త్వికమని ఎక్కడా లేదు. వండి ఒక జాము గడిచినదాన్ని తామసంలో చేర్చిన మాటను మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే మొదట ఫ్రిజ్ తలుపు మూయవలసి వస్తుంది.

ద్వేషానికి మూలమేమిటి? పతంజలి 2వ పాదంలో ఇచ్చిన నిర్వచనం అతి క్లుప్తమైనది: ఒకనాటి దుఃఖానుభవాన్ని వెన్నంటి వచ్చేదే ద్వేషం. వస్తువులో ఉన్నది కాదు. అనుభవం విడిచిన సంస్కారం. ఈ సంగతిని ఆధునికులు ప్రయోగశాలలో మరో దారిన చూశారు. తీపినీరు తాగేవేళ ఎలుకలను వికారం కలిగించే కిరణాలకు గురిచేస్తే, అవి పిదప ఆ తీపినీటినే వర్జించాయని అమెరికా శాస్త్రవేత్త జాన్ గార్సియా 1955లో ప్రకటించాడు. జ్వరంలో తిన్న ఇడ్లీ వాంతి అయితే, మరి కొన్నేళ్ళు ఇడ్లీ పేరెత్తని పిల్లలు ప్రతి ఇంటా ఉన్నారు.

అన్ని అయిష్టాలూ సంస్కారజన్యాలే అనడం కూడా పొరపాటు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయనవేత్త ప్రయోగశాలలో ఒక పొడి గాలిలోకి లేచింది. సహచరునికి అది దుర్భరమైన చేదుగా తోచింది. ఫాక్స్ నాలుకకు ఏ రుచీ తెలియలేదు. పుట్టుకతో వచ్చే భేదమే ఇందుకు కారణమని తర్వాత తేలింది. క్యాబేజీ జాతి కూరలలో ఆ కోవకు చెందిన పదార్థాలు ఉంటాయి. కనుక ఒకే కూర ఒకే పంక్తిలో ఇద్దరి నాలుకల మీద రెండు వేరు రుచులు కావచ్చు. ఇక కొందరు పిల్లలకు, కొందరు పెద్దలకు కూడా, ఆహారపు స్పర్శ, వాసన, రూపం పట్ల కలిగే భయం పోషణనే దెబ్బతీసేంత తీవ్రంగా ఉంటుంది. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన రోగనిర్ణయ గ్రంథంలో దీనికి ప్రత్యేక స్థానం ఇచ్చారు. అది పొగరు కాదు, గారాబం కాదు, పూర్వజన్మ పాపమూ కాదు. బరువు తగ్గుతున్న పిల్లవానికి కావలసినది వైద్యుడు, ఉపనిషద్వాక్యం కాదు.

ఈ దృష్టితో చూస్తే, ముక్కు మూసి, చేతులు పట్టుకొని, "అన్నం పరబ్రహ్మస్వరూపం, తినకపోతే కళ్ళు పోతాయి" అని బెదిరించి పిల్లల నోట కూర కుక్కడం ఎంత విపరీతమో తెలుస్తుంది. దుఃఖాన్ని అనుసరించి ద్వేషం పుడుతుందని యోగశాస్త్రం చెప్తూ ఉండగా, ద్వేషాన్ని తొలగించడానికి దుఃఖాన్ని కలిగించడం ఏ తర్కం? పరబ్రహ్మమనే పేరు ఆ పసివాని మనస్సులో ఎప్పటికీ పాలకూర వాసనతో ముడిపడిపోతుంది. చరకుడు సూత్రస్థానం 7వ అధ్యాయంలో మృదువైన మార్గం చూపాడు. అలవాటైన అహితాన్ని విడువడం, హితాన్ని అలవరచుకోవడం పాదం పాదంగా, నడుమ విరామమిస్తూ, క్రమంగా జరగాలన్నాడు. మన ముసలమ్మలు చరకం చదవకుండానే దీన్ని ఎరుగుదురు. మనుమడికి గిట్టని ప్రసాదాన్ని కళ్ళకద్ది, ఒక్క మెతుకు నాలుక మీద పెట్టి, మిగిలినది తామే నోట వేసుకొనేవారు. ఉగాదినాడు వేపపువ్వు ఉన్న పచ్చడిని ఎవరికీ గిన్నెడు పోయరు. అరచేతిలో చెంచాడు చాలు.

పెద్దవాడైన సాధకుని సంగతి వేరు. అతనికి వైద్యకారణం లేదు, భయం లేదు; ఉన్నది చిరకాలపు పేచీ మాత్రమే. భాగవతం 11వ స్కంధంలో అవధూత తాను కొండచిలువనుండి నేర్చిన పాఠం చెప్పాడు: రుచిగలదైనా, రుచిలేనిదైనా, అధికమైనా, స్వల్పమైనా, దైవికంగా వచ్చినదానిని గ్రహించడం. ఇతరేంద్రియాలన్నీ జయించినా నాలుకను జయించనివాడు జితేంద్రియుడు కాడని కూడా అక్కడే ఉన్నది. ఆ మాటలు సన్యాసి తనకు తాను విధించుకొన్నవి. అత్తగారు కోడలికి విధించవలసినవి కావు. గృహస్థుడైన జిజ్ఞాసువుకు గీత 3వ అధ్యాయంలోని బోధ ఎక్కువ దగ్గరది. ప్రతి ఇంద్రియానికీ తన విషయంలో రాగద్వేషాలు ఏర్పడియే ఉంటాయని భగవానుడు మొదట ఒప్పుకొన్నాడు. అవి పుట్టవద్దనలేదు, వాటి వశం కావద్దన్నాడు. కాకరకాయ చేదుగా తోచడం ఇంద్రియధర్మం. కాకరకాయ ఉన్నదని తెలిసి బంధువు ఇంట భోజనం మానుకోవడం వశం కావడం. ఛాందోగ్యంలోని ఆహారశుద్ధిని శంకరులు ఇంద్రియాలు లోనికి తెచ్చే విషయజ్ఞానం రాగద్వేషమోహాలతో కలుషితం కాకుండుటగా వ్యాఖ్యానించడంలోని ఔచిత్యం ఇక్కడ తెలుస్తుంది. ఉల్లి, వెల్లుల్లి లేని వంటను కోపంతో చూస్తూ తిన్నవాని ఆహారం ఈ లెక్కన ఎంత శుద్ధమో అతడే చెప్పాలి.

ఆ మాటకొస్తే కాశీలో నిజంగా ఇష్టమైనదాన్నే వదిలివచ్చినవారు ఇప్పటికీ పలు ఇళ్ళలో ఉన్నారు. మామిడిపండంటే ప్రాణం పెట్టే ఇల్లాలు మామిడిని వదిలివస్తుంది. వేసవి రాగానే బుట్టలు దిగుతాయి. పండ్లు కడిగి, తొక్క తీసి, ముక్కలు కోసి మనుమలకు పంచేది ఆమే. ఏ పండు పీచు, ఏ పండు తీయన అని వాసన చూసి చెప్పేదీ ఆమే. "నువ్వు తినవేం నాయనమ్మా" అని చిన్నవాడు అడిగితే, చేతికంటిన రసాన్ని కొంగుకు తుడుచుకొని మరో పండు అందుకుంటుంది.